లయ ఒకటి, సమం మరొకటి

రెండు వాద్యాలు కలిసి మోగాలంటే వాటి మధ్య రెండు ఒప్పందాలు కుదరాలి. పాట ఎంత వేగంతో నడవాలన్నది మొదటి ఒప్పందమైతే, ఆ నడకలో తొలి అడుగు ఎక్కడ పడాలన్నది రెండోది. సంగీతశాస్త్రం ఈ రెండింటినీ ఏనాడో విడదీసి, మొదటిదాన్ని లయ అనీ, రెండోదాన్ని గ్రహం అనీ పిలిచి, తాళానికి చెప్పిన పది ప్రాణాల్లో రెండింటికీ వేర్వేరు స్థానాలు ఇచ్చింది. తాళమూ పాటా ఒకేసారి మొదలైతే అది సమగ్రహం; తాళం ముందుగా పడి పాట కొంత ఆగి అందుకుంటే అనాగతం; పాట ముందే మొదలై తాళం తర్వాత వచ్చి కలిస్తే అతీతం. వాడుకలో దీన్నే ఎత్తుగడ అంటారు, తాళపు మొదటి దెబ్బ పడే చోటును సమం అంటారు. ఈ కాలపు డీజేలు వాడే విద్యుత్ పరికరాలను ఒకదానితో ఒకటి కలిపేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం ఈ రెండు ఒప్పందాలనూ ఒకటేనని పొరబడటం వల్ల పుడుతున్నాయి. చెక్కభజన అడుగుల్లో, పీర్ల పండుగ తప్పెటల్లో సమం అన్నది కాళ్లకే తెలిసిపోయిన కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతం నుంచి చూసినప్పుడు ఆ పొరపాటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ముందుగా పరికరాల సంగతి చెప్పుకోవాలి. డీజే ప్లేయర్ అంటే రికార్డయిన పాటను వినిపిస్తూ, చేతికింద ఉన్న చక్రంతోనూ, పక్కనున్న జారుడు మీటతోనూ దాని వేగాన్ని పెంచడానికీ తగ్గించడానికీ వీలిచ్చే యంత్రం. ఇలాంటి రెండు మూడు ప్లేయర్ల నుంచి వచ్చే శబ్దాన్ని ఒకచోట చేర్చి, ఏది ఎంత వినిపించాలో నిర్ణయించేది మిక్సర్. శాంప్లర్ స్వభావం వేరు. అది పూర్తి పాటను కాక ఒక శబ్దఖండాన్ని, అంటే ఒక తప్పెట దెబ్బనో, ఒక సన్నాయి పలుకునో, నాలుగు క్షణాల కోలాటపు చప్పుడునో తనలో దాచుకుని, ప్యాడ్ మీద వేలు పడగానే తిరిగి పలికిస్తుంది. అలా దాచుకున్న ముక్కలను వరసగా పేర్చి, తనంతట తానే మళ్లీమళ్లీ వాయించుకుంటుంది కూడా. కంప్యూటర్ అవసరం లేకుండా తన సొంత బుర్రతో నడిచే శాంప్లర్‌ను స్టాండలోన్ శాంప్లర్ అంటారు. 1987లో వచ్చిన ఈము ఎస్పీ-1200, 1988లో రోజర్ లిన్ రూపకల్పనతో వచ్చిన అకాయ్ ఎంపీసీ-60 ఈ జాతికి పేరు తెచ్చిన యంత్రాలు. కడప జిల్లా ఊరేగింపుల్లో లక్షల రూపాయల ఖరీదు చేసే ప్లేయర్ల కంటే ల్యాప్‌టాప్, చిన్న మిక్సర్, వాహనం మీద పేర్చిన బాక్సులే ఎక్కువగా కనిపిస్తాయి; శాంప్లర్‌కు దగ్గరి బంధువైన ఆక్టోప్యాడ్ మాత్రం తెలుగునాట ఆర్కెస్ట్రాల వేదికల మీద చాలాకాలంగా సొంత మనిషిలా కలిసిపోయింది. ఖరీదు తేడా ఎంతున్నా, పాట వాయించే యంత్రాన్ని దెబ్బ వేసే యంత్రంతో కలపడమనే సమస్య మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ఆ సమస్యకు దొరికిన తొలి ఉమ్మడి పరిష్కారం పేరు మిడి. వేర్వేరు కంపెనీల వాద్యయంత్రాలు ఒకే భాషలో మాట్లాడుకోవాలని అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ సంస్థను స్థాపించిన ఇకుతారో కకెహాషి చొరవ తీసుకోగా, 1983లో అది ప్రమాణంగా వెలువడింది. వేగాన్ని పంచుకోవడానికి ఆ భాషలో ఉన్న ఏర్పాటు చాలా సరళమైనది. నాయకత్వం వహించే యంత్రం ఒక్కొక్క దెబ్బ కాలంలో 24 చిన్న సంకేతాలను సమాన దూరాల్లో తీగ ద్వారా పంపుతుంది. అనుసరించే యంత్రం వాటిని లెక్కపెట్టుకుంటూ అడుగు వేస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంతో, అంటే డీజేల మాటలో 120 బీపీఎంతో, పాట నడుస్తుంటే సెకనుకు 48 సంకేతాలు వెళ్తాయి. అయితే ఈ సంకేతాలకు పేర్లు లేవు, సంఖ్యలూ లేవు. ప్రతిదీ పక్కదానిలాగే ఉంటుంది. మేరుపూస లేని జపమాలను తిప్పేవారికి ఎంత వేగంగా తిప్పుతున్నారో తెలుస్తుంది గానీ ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ ముగించాలో తెలియదు కదా. ఆ లోటు తీర్చడానికి మొదలుపెట్టు, ఆగు, కొనసాగించు అనే మూడు ఆజ్ఞలనూ, పాటలో ఎంత దూరం వచ్చామో చెప్పే మరొక సూచననూ మిడిలో చేర్చారు. మొదటి నుంచి చివరి వరకు ఒకే వరసలో నడిచే పాటకు అవి సరిపోతాయి. కానీ డీజే పని అలా నడవదు. పాట మధ్యలో మరో పాట చేరుతుంది, వెనక్కి తిరుగుతుంది, ఒక ముక్క దగ్గరే చక్కర్లు కొడుతుంది. డీజే మిక్సర్లలో కొన్ని తాము వింటున్న పాట వేగాన్ని తామే అంచనా కట్టి ఆ 24 సంకేతాలను శాంప్లర్‌కు పంపగలవు. వేగం సరిగ్గానే అందుతుంది, సమం మాత్రం అందదు. రెండు యంత్రాల తెరల మీదా ఒకే అంకె వెలుగుతుండగా, పాట మొదటి దెబ్బ దగ్గరా శాంప్లర్ మూడో దెబ్బ దగ్గరా ఉండిపోతే, పక్కనున్నవారు బీట్ కలవలేదంటారు. అంకెలు కలిశాయి కదా అని ఆపరేటర్ తల పట్టుకుంటాడు. ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే ఒకరు మాట్లాడుతున్నది గ్రహం గురించి, మరొకరు చూపిస్తున్నది లయను.

అసలు తీగే లేకుండా, రెండు యంత్రాలకూ ఒకే వేగం పెట్టి వదిలేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. ఒకటి సరిగ్గా 128 బీపీఎంతోనూ, మరొకటి 128.05తోనూ నడుస్తున్నాయనుకుంటే, అయిదు నిమిషాలు గడిచేసరికి రెండోది పావు దెబ్బ ముందుకు పోయి ఉంటుంది. కాలంలో అది 0.12 సెకను కంటే కొంచెం తక్కువ. తెర మీద కనబడనంత చిన్న తేడా చెవికి రోకలిపోటులా వినిపించడానికి ఆ మాత్రం చాలు. నేతపని ఉన్న ఊళ్లలో పెరిగిన చెవికి ఇది కొత్త విషయం కాదు. పక్కపక్క గదుల్లో రెండు మగ్గాలు ఆడుతుంటే, కాసేపు రెండు దెబ్బలూ ఒకటై బలంగా వినిపించి, నెమ్మదిగా విడిపోయి, ఒకదాని సందులో మరొకటి పడి, చివరికి మళ్లీ వచ్చి కలుస్తాయి. అలా కలవడం సహజమే, అందమైనదే, కానీ దాన్ని ఎవరూ కలపలేదు. డీజే చక్రం మీద బొటనవేలు ఆనించి పాటను వెంట్రుకవాసి వెనక్కి నెట్టేటప్పుడు చేసే పని ఆ అనుకోని కలయికను కోరి తెచ్చుకోవడం, తెచ్చుకున్నాక జారిపోకుండా కాపాడుకోవడం. ఆ నేర్పు గల చెవిని, వేగాన్ని తానే కలిపే సింక్ అనే బొత్తం పనికిమాలినదిగా చేసిందని వాపోయేవారున్నారు. ఆ బాధలో న్యాయం ఉంది, అయితే బొత్తం తీసుకున్నది లయ భారాన్ని మాత్రమే. సమం ఎక్కడుందో వినే బాధ్యత ఇంకా చెవి మీదే ఉంది.

సమాన్ని కూడా తీగ మీద పంపే ప్రయత్నం తర్వాతి కాలంలో జరిగింది. పయనీర్ డీజే ప్లేయర్లు ప్రో డీజే లింక్ అనే ఏర్పాటు కింద కంప్యూటర్ నెట్‌వర్క్ తీగతో ఒకదానితో ఒకటి కలుస్తాయి. అందులో ప్రతి ప్లేయర్ తన ప్రతి దెబ్బనూ ప్రకటించడమే కాక, అది నాలుగు దెబ్బల కొలతలో ఎన్నోదో కూడా చెబుతుంది. మాలకు మేరుపూస దొరికినట్టయింది. 2016లో అదే సంస్థ తెచ్చిన టొరైజ్ ఎస్పీ-16 అనే స్టాండలోన్ శాంప్లర్ ఈ తీగకే తగులుకుని, ప్లేయర్ల వేగాన్నీ దెబ్బల స్థానాన్నీ అందుకుని, వాటి పక్కన మరో ప్లేయర్‌లా ఒదిగి నడిచింది. అంతకు మూడు దశాబ్దాల ముందు మిడికి ప్రాణం పోసిన డేవ్ స్మిత్ సంస్థ తయారుచేసిన ఫిల్టరే, అంటే నాదంలోని పదునును తగ్గించి పెంచే వలయమే, ఈ యంత్రంలోనూ ఉండటం చరిత్రలో ఒక చక్కటి పునరాగమనం. కానీ ఇక్కడా ఒక మెలిక మిగిలింది. పాటలో మొదటి దెబ్బ ఏదో ప్లేయర్‌కు ఎలా తెలుస్తుంది? ముందే పాటను సాఫ్ట్‌వేర్ విశ్లేషించి గీసిపెట్టిన గళ్లను బట్టి తెలుస్తుంది. గాత్రం తాళానికి ముందే అందుకునే అతీతపు ఎత్తుగడ ఉన్న పాటలో ఆ గీత తప్పు చోట పడిందంటే, తీగకు కట్టిన యంత్రాలన్నీ తిరుగులేని క్రమశిక్షణతో ఆ తప్పునే అనుసరిస్తాయి. వాద్యబృందమంతా ఒకే గదిలో కూర్చుని వాయించిన పాత సినిమా పాటల సంగతి మరీ సున్నితం, ఎందుకంటే చరణానికి చరణానికి మధ్య మనుషులు ఊపిరి తీసుకున్నట్టే లయ కూడా పిసరంత వదులై మళ్లీ బిగుస్తుంది, నేరుగా గీసిన గడి ఏదీ ఆ ఊపిరికి సరిపోదు.

24 అన్న అంకెను కూడా ఇక్కడ ఒకసారి తడిమి చూడాలి. దెబ్బను 24 భాగాలు చేస్తే అది రెండుకూ, మూడుకూ, నాలుగుకూ, ఆరుకూ, ఎనిమిదికీ శేషం లేకుండా తెగుతుంది కాబట్టి, తెలుగువారు చతురస్రగతి అనే నాలుగు మాత్రల నడకా, త్రిస్రగతి అనే మూడు మాత్రల నడకా అందులో హాయిగా ఇమిడిపోతాయి. ఒక్క దెబ్బలోపలే అయిదు సమాన మాత్రలు పలికే ఖండగతికీ, ఏడు పలికే మిశ్రగతికీ ఆ గడిలో చోటు దొరకదు. 24ను అయిదుతో భాగిస్తే 4.8, ఏడుతో భాగిస్తే అంతులేని దశాంశం. సంకేతాల మధ్య దూరాన్ని యంత్రం లోలోపల మరింత సన్నగా విభజించుకుని ఆ లోటును పూడ్చుకోగలదు, మంచి యంత్రాలు అలాగే చేస్తాయి. అయినా ఆ ఉమ్మడి గడియారాన్ని గీసినప్పుడు ఎవరి పాట వారి చెవుల్లో ఉందో ఈ అంకె చెబుతోంది. మూడూ నాలుగూ కలిసి ఏడు మాత్రలయ్యే వృషభగతి రగడ నడకను, ఆ మిశ్రగతి మీదే నడిచిన గురజాడ ముత్యాలసరాలను కంఠస్థం చేసిన జాతికి ఏడు అన్నది విచిత్ర సంఖ్య కాదు. పుట్టపర్తి నారాయణాచార్యులు తన శివతాండవ కావ్యాన్ని రచించింది ప్రొద్దుటూరులోని అగస్త్యేశ్వరాలయంలోనే. మద్దెల లేకుండానే మాటల తూకంతోనే అడుగులు వినిపించే ఆ కావ్యం పుట్టిన ఊరిలో ఒక శాంప్లర్‌ను ముందు పెట్టుకునే కుర్రవాడు తన యంత్రంలో మిశ్రగతి ఎందుకు కుంటుతోందని అడిగితే, దానికి సమాధానం అతని చేతకానితనంలో కాక అంకెలోనే ఉందని ఎవరో ఒకరు చెప్పాలి.

నాయకుడు, అనుచరుడు అన్న మాటలు యంత్రాల విషయంలో కటువుగా వినిపిస్తాయి గానీ రాయలసీమ చెక్కభజన ఆ సంబంధానికి ఎంతో గౌరవప్రదమైన రూపం ఇచ్చింది. నడుమ గురువు తాళాలు పట్టుకుని పాట అందిస్తాడు, చుట్టూ వలయంగా నిలిచినవారు చెక్కలు మోగిస్తూ పాట అందుకుని అడుగులు మారుస్తారు; నెమ్మదిగా మొదలైన పాట క్రమంగా వేగమందుకుని, చివరికి చెక్కల చప్పుడు వానజల్లులా ఏకమవుతుంది. గురువు చేతిలోని తాళం ప్రధాన గడియారమే, కానీ అది చెవిటి గడియారం కాదు. కొత్తగా చేరిన పిల్లవాడి అడుగు తడబడితే గురువు చెయ్యి అర క్షణం ఆగుతుంది, వలయం ఉత్సాహం అందుకుంటే ఆ చెయ్యి తానే తొందరపడుతుంది. డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1665లో జబ్బుపడి మంచం మీద ఉన్నప్పుడు, ఒకే దూలానికి వేలాడదీసిన రెండు లోలక గడియారాలు ఎలా కదిలించినా కొంతసేపటికి ఎదురెదురు దిశల్లో ఒకే లెక్కన ఊగుతున్నాయని గమనించాడు. దూలం గుండా పాకే కంటికి కనిపించని కదలికే వాటిని కలుపుతోందని తర్వాత గ్రహించాడు. చెక్కభజన వలయంలో ఆ దూలం స్థానాన్ని కాళ్లకింది నేలా, చుట్టూ ఉన్న గాలీ, ఒకరినొకరు చూసుకునే చూపులూ తీసుకుంటాయి. విద్యుత్ శాస్త్రంలో ఇదే పని చేసే వలయాన్ని ఫేజ్ లాక్డ్ లూప్ అంటారు. బయటి నుంచి వచ్చే దెబ్బకూ తన లోపలి దెబ్బకూ మధ్య దూరాన్ని కొలుచుకుంటూ, ఆ దూరం తగ్గేలా తన వేగాన్ని కొద్దికొద్దిగా సవరించుకునే ఏర్పాటు అది. పులివెందులలో 2006లో ఏర్పడిన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థికి అది ఒక పాఠం; సాయంత్రం ఊరి రామాలయం ముందు చెక్కలు పట్టుకునే మనిషికి అది ఒంటికి అబ్బిన నడవడి. ఆ రెండూ ఒకటేనని తెలిస్తే పాఠానికీ భజనకూ రెండింటికీ మేలు.

ఇక ఊరేగింపు దగ్గరికి వస్తే చిక్కులన్నీ ఒకేచోట చేరతాయి. ప్రొద్దుటూరు దసరాకు పేరు తెచ్చిన తొట్టి మెరవణి రాత్రి గానీ, వినాయక నిమజ్జనం నాడు గానీ, పెళ్లి మెరవణిలో గానీ, ఒకే వీధిలో తప్పెటలూ బ్యాండు మేళమూ డీజే వాహనమూ కలిసి నడుస్తాయి. మిక్సర్ నుంచి శాంప్లర్‌కు వెళ్లే తీగలో సంకేతం క్షణంలో వెయ్యోవంతు లోపలే చేరవచ్చు, కానీ బాక్సు నుంచి తప్పెట వాయించే మనిషి చెవికి శబ్దం వెళ్లాల్సింది గాలిలో, గాలికి తీగ తొందర తెలియదు. వెచ్చని రాత్రి గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. అంటే వాహనానికి 35 మీటర్ల ముందు నడిచే తప్పెటగాడికి ప్రతి దెబ్బా సెకనులో పదోవంతు ఆలస్యంగా వినబడుతుంది. 120 బీపీఎం పాటలో అది దెబ్బలో అయిదోవంతు. అతడు విన్నదానికి సరిగ్గా వాయిస్తాడు. ఆ దెబ్బ తిరిగి వాహనం దగ్గరికి వచ్చేసరికి మరో పదోవంతు కలిసి, మొత్తం దెబ్బలో అయిదింట రెండు వంతుల దూరం తేలుతుంది. ఎవరి తప్పూ లేకుండానే ఇద్దరూ విడిపోతారు. దీనికి ఏ తీగా మందు కాదు. తప్పెటలు వాహనానికి దగ్గరగా నడవడమో, వాటి శబ్దాన్ని మైకుతో అందుకుని వాహనం దగ్గరే వినిపించడమో, లేకపోతే ఒకరు వాయించేటప్పుడు మరొకరు ఆగడమో తప్ప దారి లేదు. ఈ మూడోది పెద్దలు ఎప్పటినుంచో పాటించినదే.

శబ్దం పెద్దదయ్యే కొద్దీ ఇంకొక అన్యాయం జరుగుతుంది. తన తప్పెట తనకే వినబడనప్పుడు వాయించే మనిషి ఇక అనుసరించడం తప్ప నడిపించలేడు. రెండు వైపులా సాగవలసిన వినికిడి ఒకవైపే మిగులుతుంది, ఎవరి బాక్సు పెద్దదైతే వారే గడియారమవుతారు. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, వాటిని నిద్రపోయేవారి హక్కుగా చూడటం వాడుక. ఆ నిబంధనలు పట్టించుకోని మరొక నష్టం ఉంది. పీర్ల పండుగలో అలావా అనే అగ్నిగుండం చుట్టూ తిరిగే అడుగు ఎప్పుడు తొందరపడాలో, ఎప్పుడు నిదానించాలో నిర్ణయించేది తప్పెట వాయించే చెయ్యి. ఆ నిర్ణయాధికారం తరతరాలుగా, తక్కువ కులంగా చూడబడిన కుటుంబాల చేతుల్లో మిగిలిన కొద్దిపాటి అధికారాల్లో ఒకటి. డీజే వాహనం దాన్ని వాదించి గెలుచుకోలేదు, వినబడకుండా చేసి తీసుకుంది.

అందుకే శాంప్లర్‌కు ఈ వీధుల్లో ఉన్న స్థానం ప్లేయర్‌ది కాదు. ప్లేయర్ రికార్డయిన పాటకు కట్టుబడి ఉంటుంది, దాని వేగాన్ని సాగదీయవచ్చు గానీ దాని నడకను మార్చలేం. శాంప్లర్ దగ్గర మాత్రం ముక్కలే ఉన్నాయి కాబట్టి అది ఎవరి వెంటైనా నడవగలదు, తప్పెటగాడి వెంట కూడా. దానికి కావలసిన పనిముట్టు దాదాపు ప్రతి యంత్రం మీదా ఉండే ట్యాప్ అనే చిన్న బొత్తం. వినబడే దెబ్బకు సరిగ్గా నాలుగుసార్లు ఆ బొత్తం తడితే యంత్రం ఆ వేగాన్ని తనదిగా తీసుకుంటుంది. తర్వాత సమం చూసి వేలితోనే ప్యాడ్ నొక్కితే ఎత్తుగడ కూడా కుదురుతుంది. లయను బొత్తానికీ, సమాన్ని వేలికీ అప్పగించే ఈ పద్ధతిలో ఖరీదైన తీగ ఏదీ లేదు, కానీ ఆపరేటర్ తల ఎత్తి ముందు నడిచేవారి చేతులను చూడాల్సి ఉంటుంది. పాట మారేటప్పుడు, వేగం పెరిగేటప్పుడు మళ్లీ తట్టాలి. ఇది యంత్రాన్ని తక్కువగా వాడటం అనిపించవచ్చు. నిజానికి యంత్రానికి చెవులు ఇవ్వడం.

అయినా శ్రుతి అనే మరో చిక్కు తీరకుండా మిగులుతుంది. తప్పెట మీది మేకతోలు తేమగాలికి వదులై గొంతు దించుకుంటుంది. గంటకో రెండు గంటలకో వాయించేవారు ఊరేగింపు పక్కకు జరిగి, గడ్డి వెలిగించి, ఆ మంట మీద తప్పెటలను తిప్పుతూ కాచి, చిటికెన పుల్లతో తట్టి చూసుకుంటారు. శాంప్లర్‌లో దాచిన తప్పెట ఎప్పుడో ఒకనాడు బాగా కాగిన క్షణంలో పట్టుకున్నది కాబట్టి దాని గొంతు రాత్రంతా ఒకేలా ఉంటుంది. జాగ్రత్త గల ఆపరేటర్ తన ప్యాడ్ శబ్దాన్ని అర మెట్టు దించి వదులైన తోలుకు దగ్గర చేస్తాడు, తోలు కాగి వచ్చాక మళ్లీ పెంచుతాడు. మంట దగ్గర వారు నిలబడి ఉన్న ఆ కొద్దిసేపూ వాహనం మీద పాట ఆగి ఉన్నా, మిక్సర్ నుంచి శాంప్లర్‌కు వెళ్లే తీగలో 24 సంకేతాలు దెబ్బదెబ్బకూ పోతూనే ఉంటాయి. తోలు బిగిసిందని చేతికి తెలియగానే ఒకడు ముందుగా ఒక దెబ్బ వేస్తాడు, మిగతావారు అందుకుంటారు, వాహనం మీది వేలు ట్యాప్ బొత్తం మీదికి వెళ్లి కొత్తగా నాలుగు లెక్కపెడుతుంది.